షార్జాల బండ్లు కట్టుడు నేర్చుకున్న
మాది జగిత్యాల దిక్కు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల బైకుల వర్క్‌షాపుల చేస్తున్న, వచ్చిన కొత్తల హెల్పర్‌ని, ఇప్పుడు పికప్, దాని వెనక ట్రైలర్ రెండూ నా చేతులనే ఉన్నయి. చలికాలం వచ్చిందంటే శనివారం ఆదివారం మాకు అసలు పని అప్పుడే, కస్టమర్ల డర్ట్ బైకులు ఎక్కించుకొని తెల్లారకముందే హత్తా రోడ్డు మీద అల్ బదాయెర్ ఇసుక దిబ్బల దాక పోవాలె. 2022 జనవరిల సర్కార్ వీకెండ్ మార్చినంక మా తిప్పలు కూడా శుక్రవారం నుంచి ఆదివారంకి జరిగినయి.

ట్రైలర్ మీద బండి కట్టుడంటే ఊర్ల చూసిన పనే కదా అనుకున్న. డీసీఎంల ఎక్కించి నైలాన్ తాడుతోని బిగిస్తె అయిపాయె. రెండో నెలల ఒక బండిని అట్లనే సైడ్ స్టాండ్ మీద నిలబెట్టి, స్ట్రాప్ హుక్కులు హ్యాండిల్ చివర్లకు తగిలిచ్చి కట్టిన. స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రాన్ని పట్టే ఫోర్క్ కిందికి దిగింది, స్ట్రాప్ వదులైంది, హుక్కు ఊడింది. అద్దంల చూస్తే బండి పక్కకు పడి ఉంది. క్లచ్ లివర్ ఇరిగింది, ట్యాంక్ మీద పొడుగు గీత. జీతంల కోసిండ్రు, నిజమే, కానీ ఆ బండాయన మోకాళ్ల మీద కూసొని గీతను బొటనవేలుతోని రుద్దుకుంట చూసుడు నాకు ఇప్పటికీ యాదికే ఉంది.

నేర్పింది మా ఉస్తాద్, పెషావర్ ఆయన. తిట్టలే. మరునాడు పొద్దుగాల అదే బండిని నాతోని నాలుగుసార్లు ఎక్కించి దింపించిండు. ముందుగాల ర్యాంప్‌ని ట్రైలర్‌కు కట్టాలె, లేకుంటే బండి బరువుకు అది ఎనక్కి జారుతది. బండి మీద కూసొని ఎక్కించొద్దు, పక్కన నడుసుకుంట ఒకరు, ఎనక ఇంకొకరు. ముందు చక్రం చాక్‌ల, అంటే చక్రం కదలకుండ పట్టే దాంట్ల, కూసోవాలె, సైడ్ స్టాండ్ మడిచెయ్యాలె, బండి నిటారుగ నిలబడాలె, ఎందుకంటే స్టాండ్ మీద ఉంచి బిగిస్తె ఆ జోరంత స్టాండ్ మీదనే పడి అది వంగుతది. హ్యాండిల్ చివర్లకు కాదు, దాని కింద ఫోర్కులు పట్టే క్లాంప్‌కు మెత్తటి లూప్ వేసి, దానికి హుక్కు తగిలియ్యాలె, స్ట్రాప్‌లు ముందుకు, పక్కలకు ఏటవాలుగ పోవాలె. ముందు రెండు, ఎనక రెండు. ఫోర్క్ సగం దాక దిగితే చాలు, మొత్తం కిందికి గుంజితే ఆయిల్ సీల్ పోతది. మిగిలిన స్ట్రాప్ తోకల్ని ముడేసి పెట్టుడు కూడా ఆయనే చెప్పిండు, గాలికి కొట్టుకొని పెయింట్ తింటయి.

ఇంకొకటి ఉంది, చాలామంది పట్టించుకోరు. బరువు ట్రైలర్ ఇరుసుకు జెర ముందర ఉండాలె, మొత్తం బరువుల పది నుంచి పదిహేను శాతం పికప్ హుక్కు మీద పడేటట్టు. ఎనక బరువెక్కువైతే స్పీడుల ట్రైలర్ పాము లెక్క ఊగుతది. ఒకసారి ఎమిరేట్స్ రోడ్డు మీద నాకు ఊగింది, గుండె గొంతులకొచ్చింది, బ్రేక్ తొక్కకుండ యాక్సిలరేటర్ మీదికెళ్లి కాలు తీసి స్టీరింగ్ సీదా పట్టుకున్న, మెల్లగ సర్దుకుంది. ఆ రోజు రెండు బండ్లూ ఎనక పక్కకే ఎక్కించినం.

ఇక్కడి ఎండ గురించి కూడా చెప్పాలె. స్ట్రాప్‌ని ఆరుబయట వదిలేస్తె రంగు ఎలిసిపోయి దారాలు పెళుసైతయి, స్ట్రాప్ బిగించే ర్యాచెట్ పండ్లల్ల ఇసుక ఇరుక్కుంటది. నేను ప్రతి ట్రిప్పు అయినంక దులిపి సంచిల వేస్త, అంచు చిరిగింది కనబడితే కోసి పారేస్త, మళ్ల ఎవలూ వాడకుండ.

మొన్న నిజామాబాద్ నుంచి కొత్త పిల్లగాడొచ్చిండు, ఇరవై రెండేండ్లు ఉంటయి. శనివారం నాతోని తీస్కపోయిన. పది కిలోమీటర్లు పోయినంక పెట్రోల్ పంపుల ఆపిన. "ఎందుకన్నా ఆపినవ్, మంచిగనే కట్టినం కదా" అన్నడు. దిగి ఒక్కొక్క స్ట్రాప్ చేతితోని గుంజి చూడమన్న. ఎడమ దిక్కు ముందుది పట్టుకొని నా మొఖం చూసిండు, "అన్నా, ఇది వదులైంది." ర్యాచెట్ వాని చేతికిచ్చిన, రెండు టక్కులు బిగించిండు.