కుక్కను వేరే ఇంటికి పంపాల్సి వస్తే

కుక్కను ఇక ఉంచుకోలేమని తేలగానే చాలామంది ఓ ఫొటో పెట్టి, 'మంచి ఇల్లు కావాలి, ఉచితం' అని రాసేస్తారు. నిజానికి అది చివరికి మిగలాల్సిన పని, అందులోనూ 'ఉచితం' అనే మాట అసలు వద్దు. ఊరికే వస్తుందంటే పిల్లల్ని పెట్టించి అమ్ముకునేవాళ్లు, మళ్లీ బేరం పెట్టేవాళ్లు కూడా వస్తారు. ఎంతో కొంత రుసుము అడగండి. ఇచ్చేముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఆ తర్వాత పది, పద్నాలుగు రోజులు విశ్రాంతి కావాలి కాబట్టి ఆ వ్యవధి కూడా లెక్కలో వేసుకోండి.

అన్నిటికంటే ముందు పశువైద్యుడికి చూపించండి. ఉన్నట్టుండి కరవడం మొదలుపెట్టిన కుక్కకు చెవిలో చీము పట్టడమో, పంటి నొప్పో, తుంటి కీలు నొప్పో ఉండొచ్చు. బయటికి వెళ్లే అలవాటున్నది ఇంట్లోనే ఉచ్చ పోస్తుంటే మూత్రంలో ఇన్ఫెక్షనో, షుగరో కావచ్చు. మందుతో తగ్గేదాన్ని 'బుద్ధి మారింది' అనుకుని పంపేయడం ఆ మూగజీవికి అన్యాయం.

ఆపైన కూర్చుని, కుక్క గురించి ఉన్నదున్నట్టు ఒక కాగితం రాయండి. పంపిన కుక్క తిరిగొచ్చేది ఎక్కువగా దాచిన విషయం వల్లే. 'చాలా చురుకైనది' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 'ఒంటరిగా రెండు గంటలు దాటితే తలుపు గీరుతుంది' అని రాయండి. 'కాస్త కోపం' అనకండి. 'తింటుండగా గిన్నె దగ్గరికి ఎవరైనా వస్తే తినడం ఆపి, ఒళ్లు బిగబట్టి, గుర్రుమంటుంది' అనండి. అలా రాస్తే చిన్నపిల్లలున్న ఇంటివాళ్లు తమంతట తామే తప్పుకుంటారు, అది మంచిదే. కరిచి ఉంటే ఎవరిని, ఎప్పుడు, ఏ సందర్భంలో కరిచింది, చర్మం తెగిందా లేదా అన్నీ రాయాలి. గాయమయ్యేలా ఒకటికి రెండుసార్లు కరిచిన కుక్కను డాక్టరు, శిక్షకుడు చూసి సలహా చెప్పేదాకా ఎవరికీ ఇవ్వకండి. టీకాల పుస్తకం, వేసే మందులు, 'కూర్చో' అంటే కూర్చుంటుందా 'సిట్' అంటేనా అన్నది కూడా అందులోనే ఉండాలి. కొత్తవాళ్లు తెలియని మాట అంటుంటే, కుక్క మాట వినడం లేదనుకుంటారు.

అడిగినవాళ్ల ఇంటికి ఒకసారి వెళ్లి చూడండి. గేటు కింద సందు ఎంతుంది, గోడ దూకేంత తక్కువగా ఉందా, పగలు ఇంట్లో ఎవరుంటారు అన్నవి కళ్లతో చూస్తేనే తెలుస్తాయి. ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా ఇవ్వొద్దనే నా అభిప్రాయం. రెండు వారాలు చూసుకునే గడువు పెట్టి, కుదరకపోతే మీకే తిరిగివ్వాలని రాతపూర్వకంగా ఒప్పుకోండి.

షెల్టరుకే ఇవ్వాల్సి వస్తే ముందు ఫోన్ చేసి చోటు ఉందో లేదో కనుక్కోండి. ఎవరూ తీసుకోకపోతే కుక్కను ఏం చేస్తారో మొహమాటం లేకుండా అడగండి. ముసలి కుక్కలకు, బెరుకు కుక్కలకు ఆ అరుపుల మధ్య తిండి కూడా సహించదు. వాటికి తాత్కాలికంగా ఎవరింట్లోనైనా ఉంచే ఏర్పాటు మేలు. వీధిలో మాత్రం వదలకండి. ఇంట్లో పెరిగిన కుక్కకు బండ్ల మధ్య రోడ్డు దాటడం రాదు, ఆ వీధి కుక్కలు దాన్ని నిలబడనివ్వవు.

కుక్క తప్పిపోయే ప్రమాదం మొదటి రోజుల్లోనే ఎక్కువ. బండి తలుపు తీసిన క్షణంలోనే, పాత ఇంటి దారి పట్టాలని దూకేస్తుంది. మెడ బెల్టు కింద రెండు వేళ్లు మాత్రమే పట్టాలి, అంతకంటే వదులుంటే తల వెనక్కి లాగి జారిపోతుంది. మెడ బెల్టుకు ఒకటి, ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్‌కు ఒకటి, రెండు తాళ్లు కట్టి దించండి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్పు) ఉంటే అందులో ఉండేది సాధారణంగా 15 అంకెల నంబరే, యజమాని పేరు కాదు. రిజిస్ట్రేషన్‌లో ఫోన్ నంబరు మార్పించకపోతే, రేపు తప్పిపోయినప్పుడు ఫోన్ మీకే వస్తుంది.

దానితోపాటు ఉతకని దుప్పటి, పది రోజులకు సరిపడా పాత తిండి పంపండి. కొత్త తిండిని మొదట పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు కలుపుతూ వారం నుంచి పది రోజుల్లో మార్చాలి. లేదంటే విరేచనాలు పట్టుకుంటాయి. ఫిట్స్‌కు ఫెనోబార్బిటాల్ వాడుతుంటే ఒక్క పూట కూడా తప్పకూడదని, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తీవ్రంగా రావచ్చని కాగితంపై పెద్దక్షరాలతో రాయండి.

బెరుకు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతులు పట్టుబడడానికి మూడు వారాలు, తనిల్లు అనుకోవడానికి మూడు నెలలు అని ఓ మోటు లెక్క. మొదట అణిగిమణిగి ఉన్నది రెండు మూడు వారాలకు అసలు అలవాట్లు బయటపెడుతుంది, కొత్తవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి. ఆ రోజుల్లో చూడ్డానికి వెళ్లకండి, ఫోన్ మాత్రం ఎత్తండి. రాత్రి పదకొండింటికి 'ఏడుపు ఆపడం లేదు' అంటే, దాని పక్క ఎక్కడ వేశారో అడగండి. మీ మంచం పక్కన పడుకున్న కుక్క వరండాలో ఒంటరిగా పడుకోలేకపోతుంది. ఆ దుప్పటిని మనుషులు పడుకునే గదిలోకి మార్చమనండి.