ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు మద్యం గురించి చెప్పడం: నా అనుభవం

పాడైపోయిన కాలేయం బొమ్మతో నేను ఈ పాఠం మొదలుపెట్టను. యాభై ఏళ్లకు వచ్చే జబ్బు పన్నెండేళ్ల పిల్లలకు పట్టదు. పైగా తాగుతూ కూడా బాగానే తిరిగే పెద్దవాళ్లు వాళ్లకు ఒకరిద్దరైనా తెలిసే ఉంటారు. భయపెట్టడానికి చెప్పిన మాటల్లో ఒక్కటి అబద్ధమని తోస్తే మిగతావన్నీ దాంతోపాటే పోతాయి. అందుకే ఈ వయసులో, ఈ ఒంట్లో, తాగిన మొదటి రెండు మూడు గంటల్లో ఏం జరుగుతుందో అదే చెబుతాను. వారానికొకటి చొప్పున మూడు పీరియడ్లు పెట్టుకుంటాను. ఒక్కరోజు ఉపన్యాసం వల్ల ఉపయోగం లేదు.

మొదటి పీరియడ్‌లో పేరు లేని చీటీలు పంచుతాను. ప్రశ్నలు రెండే: గడిచిన నెలలో నువ్వు తాగావా, మీ ఈడు పిల్లల్లో వందకి ఎంతమంది తాగి ఉంటారనుకుంటున్నావు? చేతిరాత తెలిసిపోకుండా అందరికీ ఒకే రకం పెన్ను ఇచ్చి, టిక్కు పెట్టమంటాను, రెండో దానికి అంకె వేస్తే చాలు. "ఎప్పుడైనా రుచి చూశావా" అని అడగకూడదు. ఎవరో సరదాకి నాలుకకు తగిలించిన చుక్క కూడా లెక్కలో చేరి అంకె ఉబ్బుతుంది. సాధారణంగా పిల్లల ఊహ అసలు లెక్క కంటే ఎక్కువగా ఉంటుంది, "అందరూ తాగుతున్నారు" అన్న మాట అక్కడే వీగిపోతుంది. అయితే ముందు ఒంటరిగా లెక్కపెట్టుకోవాలి. అసలు అంకె పెద్దదిగా వస్తే దాన్ని బోర్డు మీద రాయను.

రెండో పీరియడ్ లెక్కలది. అయిదు శాతం బీరు 330 మిల్లీలీటర్లలో ఆల్కహాల్ 16.5 మిల్లీలీటర్లు, అంటే సుమారు 13 గ్రాములు. 12 శాతం వైను 150 మిల్లీలీటర్లలో, 40 శాతం విస్కీ 45 మిల్లీలీటర్లలో దాదాపు 14 గ్రాముల చొప్పున ఉంటుంది. పిల్లల చేతే చేయిస్తాను. "బీరు మందు కిందకి రాదు" అనే వాదన మళ్లీ లేవదు.

తర్వాత ఒకే వెడల్పున్న రెండు గాజు గ్లాసులు తీసుకుంటాను. 70 కిలోల పెద్దమనిషి ఒంట్లో సుమారు 42 లీటర్ల నీరుంటుంది, 40 కిలోల పిల్లవాడిలో 24. కాబట్టి ఒక గ్లాసులో 420, రెండోదాంట్లో 240 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, రెండిట్లో రెండేసి చుక్కల సిరా వేసి కలుపుతాను. వెనక తెల్లకాగితం పెట్టి పక్కనుంచి చూడాలి. పైనుంచి చూస్తే రెండూ ఒకే రంగులో కనిపించి ప్రయోగం దెబ్బతింటుంది, చుక్కలు ఎక్కువైనా అంతే. అదే బీరు పెద్దాయన ఒంటినీటిలో లీటరుకు 0.3 గ్రాములైతే, పిల్లవాడిలో 0.5 దాటుతుంది. కాలేయం గంటకు సుమారు ఏడు గ్రాములే విరగ్గొట్టగలదు. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా రక్తంలో చేరింది త్వరగా దిగదు.

గుడ్డు తెల్లసొనలో స్పిరిట్ పోసి గడ్డకట్టించి "మెదడు ఇలా అవుతుంది" అని చూపించే పద్ధతి నాకు నచ్చదు. బాగా మత్తెక్కినవాళ్ల రక్తంలో కూడా ఆల్కహాల్ అర శాతం లోపే ఉంటుంది, కాబట్టి మెదడు అలా గడ్డకట్టదు. మెదడు గురించి చెప్పడానికి నిజాలే చాలు: ఆగి ఆలోచించే ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్లు పడుతుంది. ఎక్కువ తాగితే జ్ఞాపకం నమోదవడం ఆగిపోతుంది, మనిషి నడుస్తూ మాట్లాడుతూనే ఉంటాడు గానీ మర్నాడు ఆ గంటలు గుర్తుండవు. ఈ సంగతి చెప్పగానే క్లాసు నిశ్శబ్దమవుతుంది.

మూడో పీరియడ్ అంతా సాధనే. "రారా, ఒక్క గుక్కే కదా" అని బలవంతపెట్టే పాత్ర నేనే వేస్తాను, బలవంతపెట్టడం ఏ పిల్లవాడికీ అలవాటు చేయకూడదు. తాగినట్టు నటించడం నిషేధం, క్లాసు నవ్వులపాలవుతుంది. వద్దనడానికి కారణం చెప్పకూడదని నేర్పుతాను, కారణం చెబితే ఎదుటివాడికి వాదించడానికి పట్టు దొరుకుతుంది. "వద్దు, నేను తాగను" అని అక్కడినుంచి కదలాలి.

మిగతా సమయం ప్రాణం నిలిపే విషయానికి. లేపినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువ శ్వాసలు, శ్వాసకీ శ్వాసకీ మధ్య పది సెకన్ల ఖాళీ, నీలి పెదవులు, చల్లబడిన ఒళ్లు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంబులెన్సుకు ఫోన్ చేయాలి. గడియారం పెట్టుకుని ఒకరి శ్వాస ఒకరు లెక్కపెడతారు, పక్కకు తిప్పి పడుకోబెట్టడం నేలమీద చేసి చూస్తారు. "పడుకుంటే దిగిపోతుంది" అన్న మాట ప్రమాదకరం, ఎందుకంటే కడుపులో మిగిలింది స్పృహ తప్పాక కూడా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. తిడతారనే భయంతోనే పిల్లలు ఆలస్యం చేస్తారు. అందుకే సాయం కోసం ఫోన్ చేసినవాళ్లను ఆ రాత్రి ఎవరూ తిట్టరని తల్లిదండ్రుల చేత ముందే చెప్పిస్తాను.

చివర్లో ప్రశ్నల పెట్టె. ప్రశ్న లేనివాళ్లు కూడా "లేదు" అని రాసి వేయాలి, అప్పుడు ఎవరు రాశారో బయటపడదు. "మా నాన్న రోజూ తాగుతాడు" లాంటి చీటీలు వస్తాయి. ఎవరిదో తెలియదు కాబట్టి జవాబు అందరికీ చెబుతాను: అది నీ తప్పు కాదు, మాన్పించే బాధ్యత నీది కాదు, మాట్లాడాలనుకుంటే నేను ఫలానా సమయానికి ఫలానా గదిలో ఉంటాను. ఎవరికైనా ప్రమాదముందని తెలిస్తే మాత్రం రహస్యంగా ఉంచలేనని పెట్టె తిప్పకముందే చెప్పేస్తాను.