అరవై రోజుల గడువు

కాలిఫోర్నియాలో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు, హెచ్‌-1బి వీసా. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికో, పెట్టె సర్దుకోవడానికో ఎక్కువలో ఎక్కువ 60 రోజులు.

వచ్చిన కొత్తలో ఒక అమ్మాయి వెనక వరుసలోంచి చెయ్యెత్తి, "మీరు చెప్పింది నేను ఒప్పుకోను" అంది. నాకు చెవులు వేడెక్కాయి. మేము చదువుకున్న చోట దీన్ని ఎదురు చెప్పడం అనేవారు; ఆ తర్వాత రికార్డు మీద సంతకం కోసం వారం తిరగాల్సిందే. బోర్డు వైపు తిరిగి లెక్క మళ్ళీ చూసుకున్నాను. తప్పు నాదే. అప్పటినుంచి ప్రతి క్లాసులో చివరి పది నిమిషాలు నన్ను తప్పుపట్టడానికే వదిలేస్తున్నాను.

అధ్యాపకుల సమావేశంలో మాత్రం నేను మూగవాణ్ణి. ఆ మధ్య, వివాదాస్పద విషయాల మీద బయటివాళ్ళను పిలిచి మాట్లాడించాలంటే ముందుగా పైవాళ్ళ అనుమతి ఉండాలని ఒక ప్రతిపాదన వచ్చింది. టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగ భద్రత, ఉన్న ఒకాయన లేచి దాన్ని ఉతికి ఆరేశారు. ఆయన అన్నవన్నీ నా మనసులో ఉన్నవే. మా కాంట్రాక్టు వాళ్ళకు ఓటు లేదు కానీ మాట్లాడవచ్చు. నేను కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

గట్టి కారణం చూపి, విచారణ జరిపితే తప్ప తీసేయలేని ఉద్యోగం టెన్యూర్. దాని వెనక ఇక్కడి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ కథ ఒకటుంది. 1900లో ఎడ్వర్డ్ రాస్ అనే ఆచార్యుడి మాటలు నచ్చక, వ్యవస్థాపకుడి భార్య జేన్ స్టాన్‌ఫర్డ్ పట్టుబట్టి ఆయన చేత రాజీనామా చేయించింది. దానికి నిరసనగా ఉద్యోగం వదులుకున్నవారిలో తత్త్వశాస్త్రం చెప్పే ఆర్థర్ లవ్‌జాయ్ ఒకరు. 1915లో ఆయనా, తత్త్వవేత్త జాన్ డ్యూయీ కలిసి అమెరికా ఆచార్యుల సంఘం పెట్టారు. బోధనా స్వేచ్ఛ గురించి ఆ సంఘం అదే ఏడాది చేసిన ప్రకటనే ఈనాటి రక్షణలకు పునాది.

ఇంతకీ రాస్ అన్నదేమిటి? చాలా అన్నాడు. జేన్ గారిని బాగా మండించిన వాటిలో ఒకటి, జపాన్ కూలీలను ఈ దేశంలోకి రానివ్వకూడదని చేసిన ప్రసంగం. స్టాన్‌ఫర్డ్ కుటుంబం సంపదేమో చైనా కూలీలు వేసిన రైలుమార్గం మీద వచ్చింది! ఆసియా నుంచి వచ్చిన నాబోటివాడు రాస్ కంటబడితే ఏమనేవాడో ఊహించుకోవచ్చు. నేను కోరుకునే స్వేచ్ఛ వెనక మాత్రం బలి అయింది ఆయన ఉద్యోగమే. ఈ ముడి నాకింకా విడలేదు.

మొన్న క్లాసులో మాట మీద మాట వచ్చి ఈ కథంతా చెప్పాను. వరంగల్ నుంచి ఎమ్మెస్‌కు వచ్చిన కుర్రాడు బయటికి వస్తూ తెలుగులో అడిగాడు: "సార్, అప్పుడు మీరుంటే రాస్ కోసం రాజీనామా చేసేవారా?"

"ఏ వీసా మీద?" అన్నాను.

వాడు నవ్వలేదు. వాడిదీ వీసానే.