మాస్కో మామ గొంతు

బడి సంచికకి ఏదైనా రాయమన్నప్పుడు నాకు మా అయ్యవార్ల కంటే ముందు ఆయనే గుర్తొచ్చారు. కావలిలో మా బడిలోనే, మాకు పాతికేళ్ళ ముందు చదువుకున్నారు. మాస్కో రేడియోలో తెలుగు వార్తలు చదివేవారు. పోయినేడు కాలం చేశారు. మా వీధి పిల్లలందరికీ ఆయన మాస్కో మామ.

మనిషిని చూడకముందే నేనా గొంతు విన్నాను. వాళ్ళమ్మ మా ఎదురింట్లో ఉండేది. దీపాలు పెట్టే వేళకి "అబ్బయ్యా, ఒకసారి వచ్చి రేడియో తిప్పి పెట్టు" అని కేకేసేది. షార్ట్‌వేవ్ పట్టుకోవడం తేలిక కాదు. ముల్లు వెంట్రుకవాసి జరిగితే చాలు, ఏదో అర్థంకాని భాష వచ్చి పడేది. మిద్దె మీద రెండు వెదురుబొంగుల మధ్య కట్టిన రాగి వల ఏరియల్ గాలికి ఊగితే గొంతూ ఊగేది, దగ్గరికొచ్చి మళ్ళీ దూరం పోయేది. అవ్వకి వార్తలతో పనిలేదు. ఆఫ్ఘనిస్తాన్ అన్నా గోర్బచేవ్ అన్నా ఒకటే. కళ్ళు మూసుకుని వినేది. అయిపోయాక "వాడికి రొంప పట్టినట్టుండాది" అనో, "ఈ పూట సరిగ్గా తిన్నట్టు లేడు" అనో అనేది. అదే ఉత్తరంలో రాయించేది, నా చేత.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కావలి తుఫాను వచ్చింది. 1989 నవంబరు 8 రాత్రి. థాయ్‌లాండ్‌ని కొట్టి, బంగాళాఖాతంలో మళ్ళీ బలం పుంజుకుని, నేరుగా మన మీదికే వచ్చింది. ఆ గాలి హోరు విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెల్లారి చూస్తే కరెంటు స్తంభాలు వరసగా పడుకుని ఉన్నాయి. అవ్వ ఇంటి ఏరియల్ వల చింతకొమ్మల్లో ఉండచుట్టుకుని కనపడింది. దాన్ని మళ్ళీ కట్టడానికి మాకు వారం పట్టింది. రోజూ సాయంత్రం అవ్వ మాత్రం ఆ మూగ రేడియో ముందు వచ్చి కూర్చునేది.

అక్కడ ఆయనకి ఏం జరిగిందో నాకు నాలుగేళ్ళ తర్వాత తెలిసింది. సోవియట్ యూనియన్ పోయింది, మాస్కో రేడియో పేరు కూడా మారింది, ఆయన ఊరికి వచ్చేశారు. నేను డిగ్రీలో ఉన్నాను. కాలేజీ సభలో స్వాగతోపన్యాసం చదవాల్సి వచ్చి, భయపడి ఆయన దగ్గరికి పోయాను. వసారాలో కూర్చోబెట్టి కొవ్వొత్తి వెలిగించి నా మూతికి జానెడు దూరాన పెట్టారు. "ప, బ, ఫ వచ్చినప్పుడు దీపం అల్లాడగూడదు. అల్లాడిందంటే మైకులో పటాసు పేలినట్టు ఉంటది" అన్నారు. తర్వాత నా కాగితం తీసుకుని పెన్సిల్‌తో ఊపిరి ఆపాల్సిన చోటల్లా నిలువు గీత గీశారు. మాట్లాడితే ఏంది, యాడ, ఉండాడు. చదవడం మొదలుపెడితే ఒక్క యాసా లేదు. అడిగితే, "శ్రీకాకుళపోడికీ, నిజామాబాదోడికీ కూడా తెలియాల గదబ్బా" అన్నారు.

అప్పుడే చెప్పారు. నవంబరు 10న డ్యూటీ ఆయనదే. ముందురోజు రాత్రి బెర్లిన్ గోడ తెరుచుకుంది. "గదిలో అందరూ బెర్లిన్ కాగితాల మీద పడి ఉండారు. నేను మాత్రం ఆ కట్టలో కావలి అనే మాట కోసం వెతుకుతుండా. రెండే వాక్యాలు దొరికినాయి." ఫోన్లు లేవు, తల్లి ఉందో లేదో తెలియదు. ఆ రెండు వాక్యాలూ తెలుగు చేసి, కావలి అన్న మాటకి ముందు రెండు గీతలు గీసుకున్నారట. "ఒక గీత చాలదనిపించింది. అక్కడ ఊపిరి పట్టకపోతే గొంతు పోయేది. మా అమ్మ వింటా ఉంటాదిలే అనుకుని చదివినా."

అవ్వ వినలేదని ఆయనకి ఆ రోజు వరకూ తెలియదు. నేనే చెప్పాను, ఏరియల్ పడిపోయిందని. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

లోపల బియ్యం ఏరుకుంటున్న అవ్వ ఇదంతా వింటూనే ఉంది. చేట పక్కన పెట్టి వచ్చి గడప మీద కూర్చుంది. "ఏదీ, ఇప్పుడు చదువు" అన్నది.

చేతిలో కాగితం లేదు. ఆయన నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, ఆ రెండు వాక్యాలూ చదివారు. కావలి ముందర ఆగారు. అవ్వ కళ్ళు మూసుకుని విన్నది.

"రొంప లేదులే" అని లేచి లోపలికి పోయింది.