నా కంటికి కనబడని పుండు

నాకు వచ్చిన జబ్బు పేరు పైలోనిడల్ సైనస్. నడుము కింద, తోక ఎముక మీద, పిర్రల మధ్య గాడిలో చర్మానికి సన్న రంధ్రాలు పడతాయి. వాటి లోపల ఒక దారి ఏర్పడి, అందులో వెంట్రుకలు చేరి చీము పడుతుంది. చోటు అలాంటిది కాబట్టి ఎవరూ నోరు విప్పి చెప్పరు. డాక్టర్ దగ్గర కూడా "నడుం నొప్పి సార్" అంటారు. పేరు పెట్టి, చోటు చెప్పి రాస్తే ఒక్కరైనా తొందరగా సరైన సర్జన్ దగ్గరికి వెళ్తారేమోనని రాస్తున్నాను.

నేను టెంపో ట్రావెలర్ డ్రైవర్ని. ఇల్లు విశాఖలో గోపాలపట్నం. చలికాలం వచ్చిందంటే అరకు, వంజంగి, లంబసింగి ట్రిప్పులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. తెల్లారకుండానే బయల్దేరి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కాలి. బొర్రా గుహలు చూపించి, అరకులో తిప్పి, రాత్రికి బీచ్ రోడ్డులో హోటల్ దగ్గర దింపేదాకా సీటు దిగేది తక్కువ. రెగ్జిన్ సీటు, ఇంజన్ వేడి, చెమట, కుదుపులు. చాలా ఏళ్లుగా ఇదే పని.

మొదట్లో దాన్ని నొప్పి అని కూడా అనలేను. కూర్చున్నప్పుడు తోక ఎముక దగ్గర ఏదో ఒత్తుకున్నట్టు ఉండేది. అమ్మకి చెబితే "వేడి చేసింది నాయనా, రోజంతా ఆ బండిలో కూర్చుంటే చెయ్యదా" అని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది. తర్వాత గడ్డ లేచింది. అనంతగిరి దగ్గర మలుపుల్లో బ్రేక్ తొక్కినప్పుడల్లా ఒళ్లంతా వెనక్కి నొక్కుకుని కళ్లలో నీళ్లు తిరిగేవి. వెనక పన్నెండు మంది పాటలు పెట్టుకుని సంబరంగా ఉన్నారు, వాళ్లకి ఏమని చెబుతాం? ఆ రాత్రి జ్వరం వచ్చింది. తెల్లవారుజామున గడ్డ దానంతట అదే పగిలి లుంగీ తడిసింది. ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. చీము పోయింది కదా, ఇక తగ్గినట్టే అనుకున్నాం ఇంటిల్లిపాదీ.

తగ్గలేదు. రసి కారుతూనే ఉండేది. కొన్నాళ్లు ఎండిపోయి, మళ్లీ వాచి, మళ్లీ పగిలేది. మా వైపు ఒక క్లినిక్‌కి వెళ్తే బట్ట కూడా తొలగించి చూడకుండా మొలలు అని ఆయింట్‌మెంట్ రాశారు. ఇంకోచోట గంటు పెట్టి చీము తీసి, గాజు గుడ్డ కుక్కి కట్టు కట్టారు. అది అవసరమే, చీము నిండిన గడ్డకి ముందు దారి ఇవ్వాల్సిందే. కానీ లోపల వెంట్రుకలు, పైన రంధ్రాలు అలాగే ఉండిపోతే అది మళ్లీ నిండుతుందని ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ జబ్బులో అన్నిటికన్నా కష్టం, మన పుండు మన కంటికి కనబడదు. అద్దం పెట్టుకుని మెడ తిప్పినా కనబడదు. చేత్తో తడిమితే తడి తగులుతుంది, అంతే. చివరికి నా భార్యే ఒక రోజు తలుపు గడియ పెట్టి, నన్ను మంచం మీద బోర్లా పడుకోమని, ఫోన్ టార్చ్ వేసి చూసింది. నాకు సిగ్గుతో ఒళ్లు బిగుసుకుపోయింది. తను మాత్రం తాపీగా, బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చూసినట్టు చూసింది. "ఏవండీ, పుండు పైకి ఉంది. కింద గాడిలో మాత్రం రెండు చుక్కలున్నాయి. సూదితో గుచ్చినట్టున్నాయి. ఒకదాంట్లోంచి వెంట్రుక బయటికి వచ్చింది" అంది. ఫొటో తీసి చూపించింది. అన్ని నెలలు నేను మోసిన దాన్ని మొదటిసారి అప్పుడే చూశాను. "ఇది మొలలు కాదు. ఈసారి విప్పి చూసే డాక్టర్ దగ్గరికే వెళ్దాం" అని పట్టుబట్టింది.

రామ్‌నగర్‌లో ఒక సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆయన లైటు పెట్టి చూశారు. మలద్వారంలో వేలు పెట్టి పరీక్షించారు. ఆ పరీక్ష ఇబ్బందిగానే ఉంటుంది కానీ నిమిషంలో అయిపోతుంది. పుండు దారి మలద్వారానికి కలుస్తోందా లేదా అన్నది తేల్చుకోవడానికి అది తప్పదట. అనుమానం మిగలకూడదని ఎంఆర్ఐ కూడా చేయించారు. మలద్వారంతో సంబంధం లేదని తేలింది.

ఆ తేడా ఎంత పెద్దదో వార్డులో నా పక్క మంచం మీద ఉన్నాయన్ని చూస్తే అర్థమైంది. ఆయనది శ్రీకాకుళం వైపు, పని పోర్టులో. ఆయనకి ఫిస్టులా, అంటే భగందరం. మలద్వారం లోపలి గోడలో ఉండే చిన్న గ్రంథుల్లో ఇన్ఫెక్షన్ మొదలై, చీము గడ్డ కట్టి, బయటి చర్మం దాకా దారి చేసుకుంటుంది. చాలామందికి ఫిస్టులా ఇలాగే వస్తుంది. కొందరికి టీబీ వల్లో, క్రోన్స్ అనే పేగు జబ్బు వల్లో కూడా వస్తుంది కాబట్టి ఆ పరీక్షలూ చేస్తారు. ఆ దారి మల విసర్జనని ఆపి ఉంచే కండరం గుండా పోతుంది. కండరం ఎంత మేర దాని పైన ఉందో చూసుకోకుండా కోసేస్తే మలం మీద అదుపు పోయే ప్రమాదం ఉంది. అందుకే ఫిస్టులాకి చాలావరకు ఎంఆర్ఐ తీసి, దారి ఎటు పోతోందో గీసుకుని గానీ చెయ్యి పెట్టరు. కండరం తెగకుండా చేసే పద్ధతులు ఈ ఇరవై ఏళ్లలో బాగా పెరిగాయట. థాయ్‌లాండ్ సర్జన్ రోజనసకుల్ 2007లో ప్రచురించిన లిఫ్ట్ ఆపరేషన్‌లో కండరాల మధ్యకి వెళ్లి దారిని అక్కడే కట్టేస్తారు. ఇటలీ సర్జన్ మెయినేరో 2011లో ప్రచురించిన వాఫ్ట్‌లో సన్నటి కెమెరా గొట్టాన్ని దారిలోకి పంపి, చూస్తూ లోపలి గోడని కాల్చి, లోపలి నోరు మూసేస్తారు. లేజర్‌తో చేసేదీ ఉంది. మన ఆయుర్వేదంలో సుశ్రుతుడి కాలం నుంచీ చెబుతున్న క్షారసూత్రం ఉండనే ఉంది. మందు పట్టించిన దారాన్ని ఆ దారిలో కట్టి, వారం వారం మారుస్తూ మెల్లగా కోసుకుంటూ, మాన్పుకుంటూ వస్తారు. పక్క మంచం ఆయనకి ముందు చీము బయటికి పోవడానికి ఆ దారిలో సీటన్ అనే దారం వేసి ఉంచి, తర్వాత కెమెరా ఆపరేషన్ చేశారు. ఓపిక పట్టాల్సిన జబ్బు అది.

నా సంగతికి వస్తే, డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పాత పద్ధతిలో ఆ భాగమంతా వెడల్పుగా కోసి తీసేసి గాయం తెరిచి వదిలేస్తే, కింద నుంచి కండ పూడుకుంటూ రావడానికి నెలలు పట్టవచ్చు. రోజూ డ్రెస్సింగ్ ఉంటుంది. ఇంకో పద్ధతిలో కోసిన చోటికి పక్క నుంచి చర్మాన్ని తిప్పి గానీ జరిపి గానీ తెచ్చి కుడతారు. లింబర్గ్, కరిడాకిస్ అనేవి ఆ రకం. జబ్బు బాగా ముదిరినవాళ్లకీ, మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లకీ అవి మంచివి. మూడోది చిన్న రంధ్రాల పద్ధతి. చర్మం మీది రంధ్రాల వరకే గుండ్రంగా తీసి లోపల శుభ్రం చేస్తారు, లేదా కెమెరా గొట్టంతో చేస్తారు. ఫిస్టులాకి కెమెరా పద్ధతి తెచ్చిన మెయినేరోనే దీనికీ 2014లో ఎప్సిట్ అనే కెమెరా పద్ధతిని ప్రచురించారు. "మీ దారి పొట్టిగానే ఉంది, ఇప్పుడు చీము కూడా లేదు, మీకు ఇది సరిపోతుంది. కాకపోతే పెద్ద ఆపరేషన్ కన్నా మళ్లీ వచ్చే అవకాశం కాస్త ఎక్కువని ఒప్పుకునే చేయించుకోవాలి. వస్తే మళ్లీ చెయ్యొచ్చు" అన్నారు. దాచకుండా చెప్పినందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

నేను డ్రైవర్ని అని తెలిసి ఇంకో మాట చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో దాదాపు 80 వేల మంది ఈ జబ్బుతో ఆస్పత్రి పాలయ్యారట. గతుకుల్లో జీపులు తోలేవాళ్లకి వస్తోందని దీన్ని జీపు జబ్బు అనేవారట. పుట్టుకతో వచ్చే లోపమని ఒకప్పుడు అనుకునేవారు. మంగలి పని చేసేవాళ్లకి వేళ్ల సందుల్లో అచ్చం ఇలాంటి పుండే రావడం చూశాక, వెంట్రుక బయటి నుంచి చర్మంలోకి గుచ్చుకుని పోతుందన్న మాటకి బలం వచ్చింది.

ఓనర్ దగ్గర అడ్వాన్స్ తీసుకుని అడ్మిట్ అయ్యాను. వెన్నులో మత్తు సూది ఇచ్చి బోర్లా పడుకోబెట్టారు. రెండు పిర్రలకీ వెడల్పాటి ప్లాస్టర్ వేసి పక్కలకి లాగి బల్లకి అంటించారు. నడుం కింద నాకు తెలియడం లేదు. నీళ్లు పారే చప్పుడు, మధ్యమధ్య కాలిన వాసన, డాక్టరూ నర్సమ్మా మాట్లాడుకోవడం వినబడుతున్నాయి. టెన్షన్‌తో కాళ్లు కదపాలని చూశాను, కదల్లేదు. గంట కూడా పట్టినట్టు లేదు.

సాయంత్రం రౌండ్లకి వచ్చినప్పుడు రికార్డింగ్ చూపిస్తారా అని అడిగితే ఫోన్‌లో చూపించారు. తెర మీద ఎర్రటి గోడలున్న ఇరుకు సందు. నీళ్లు పోస్తుంటే అందులో నల్లటి వెంట్రుకలు పీచులా ఊగుతున్నాయి. సన్నటి పటకారు వచ్చి ఒకటి పట్టుకుని లాగింది. అది రాగానే ఇంకోటి. ఆ తర్వాత చిక్కుపడిన కుచ్చు ఒకటి మొత్తంగా వచ్చింది. పక్కన నిలబడి చూస్తున్న నా భార్య ముక్కున వేలేసుకుంది. అన్నేసి వెంట్రుకలు నా ఒంట్లో, నాకు తెలియకుండా! ఎన్ని యాంటీబయాటిక్స్ మింగినా ఎందుకు తగ్గలేదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వెంట్రుకలన్నీ తీశాక లోపలి గోడని కాల్చి, బ్రష్‌తో తోమి, రంధ్రాల చుట్టూ కొంచెం చర్మం తీసి వదిలేశారు. కుట్లు లేవు.

మర్నాడు ఇంటికి పంపేశారు. నొప్పి అంతకుముందు గడ్డ నొప్పిలో పావు వంతు కూడా లేదు. మత్తు దిగాక మూత్రం రావడానికి మాత్రం కాస్త ఇబ్బంది పడ్డాను, అది కొందరికి మామూలేనట. ఇంట్లో రోజూ స్నానంలో షవర్ నీళ్లు పట్టి కడిగి, మెత్తగా అద్ది ఆరబెట్టి, గాజు గుడ్డ పెట్టుకోవడమే పని. ఆ పని నా భార్యదే. చూసి, ఫొటో తీసి, నాకు చూపించి, తేడా ఉంటే డాక్టర్‌కి పంపేది. రసి తగ్గుతూ వచ్చింది. అమ్మ పథ్యం పేరుతో వంకాయ, గోంగూర మాన్పించింది. డాక్టర్ అడ్డు చెప్పలేదు కానీ, నీళ్లూ ఆకుకూరలూ బాగా తీసుకోండి, మలబద్ధకం రాకుండా చూసుకోండి, అంతే చాలన్నారు. ఆఫీసు పని అయితే వారం పది రోజులకే వెళ్లొచ్చట. నాది సీటు పని కాబట్టి ఇంకొంత ఆగమన్నారు. మొదట సిటీలోనే చిన్న ట్రిప్పులు వేశాను, ఎయిర్‌పోర్ట్, సింహాచలం, కైలాసగిరి. ఘాట్ ఎక్కింది ఆ తర్వాతే.

చిన్న ఆపరేషన్ కాబట్టి దానితో అయిపోయిందనుకోకూడదని డాక్టర్ గట్టిగా చెప్పారు. వెంట్రుక మళ్లీ మొలుస్తుంది, గాడి అక్కడే ఉంది. ఆ చుట్టుపక్కల వెంట్రుకలు పెరగనివ్వకూడదు. రోజూ రేజర్‌తో గీకడం కన్నా ట్రిమ్మర్ నయమనీ, వీలైతే లేజర్‌తో తీయించుకోవడం మేలనీ అన్నారు. నేను రెండోదానికి డబ్బు కూడబెడుతున్నాను. ఇంకో సంగతి విని ఆశ్చర్యపోయాను. పుండు లోపల దొరికే వెంట్రుకలు చాలా వరకు తల వెంట్రుకల ముక్కలేనని జర్మనీలో సర్జన్లు పరిశీలించి తేల్చారట. జుట్టు కత్తిరించినప్పుడు మొనదేలిన ముక్కలు వీపు మీదుగా జారి ఆ గాడిలో చేరతాయి. క్షవరం చేయించుకుని వస్తే తలమీద నీళ్లు పోసుకునేదాకా అమ్మ నన్ను గుమ్మం దాటనిచ్చేది కాదు. మధ్యలో డ్యూటీ హడావుడిలో, సెలూన్ నుంచి నేరుగా బండెక్కేయడం అలవాటైంది. ఇప్పుడు మళ్లీ అమ్మ మాటే. సీటు రెగ్జిన్ తీయించి గుడ్డ కవర్ వేయించాను. శృంగవరపుకోటలో ఒకసారి, అనంతగిరి కాఫీ దగ్గర ఒకసారి దిగి నడుస్తున్నాను. పాసింజర్లు ఎవరూ ఏమీ అనడం లేదు.

ఆ చోట ఇప్పుడు చిన్న గుంట మచ్చ ఉంది, పొడిగా ఉంది. తను అప్పుడప్పుడూ టార్చ్ వేసి చూస్తుంది, నాకు సిగ్గు పోయింది.

మా స్టాండ్‌లో ఇంకో బండి క్లీనర్ కుర్రాడు ఉన్నాడు, పాతికేళ్లుండవు. ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంటే ఏంట్రా అని నేనే కదిపాను. చాలాసేపు నేల చూపులు చూసి, "అన్నా, కిందన చీము కారతాంది, ఇంట్లో కూడా చెప్పలేదు" అన్నాడు. మా డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లాను. వాడి రంధ్రం మలద్వారానికి దగ్గరగా ఉంది, ఫిస్టులా అయ్యుండొచ్చని ఎంఆర్ఐ రాశారు. స్కాన్ వచ్చే మంగళవారం. వాడి వెంట నేనే వెళ్తున్నాను.