వీపు నిండా గుండ్రటి మచ్చలు

"కదలకండి, ఇంకో రెండు నిమిషాలండి" అంటున్నాడు కుర్రాడు. కప్పింగ్ కోసం, అంటే గాలి లాగేసిన కప్పులు ఒంటికి అతికించే వైద్యం కోసం, బోర్లా పడుకున్నాను. రొయ్యల మేత బస్తాలు మోసి మోసి పట్టేసిన కుడి భుజం మీద కప్పు చర్మాన్ని పైకి లాగేస్తోంది.

కప్పులతో కండ కాస్త వదులయ్యాక వెన్ను సర్దారు. మెడ టక్కుమన్నప్పుడు మాత్రం గుండె ఝల్లుమంది.

ఇంటికొచ్చి చొక్కా విప్పగానే అమ్మ "ఎవడు కొట్టాడ్రా?" అంది. దెబ్బలు కాదమ్మా, చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లి కమిలింది, 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ భుజాల మీదా ఇవే అన్నాను. "ఆయన ఈత కొట్టాడు, నువ్వు చెరువు గట్టు మీదే జారిపడతావు" అంది!

కప్పింగ్ ఒంట్లో విషమంతా లాగేస్తుందంటే నేను నమ్మను. మెడైతే తిరుగుతోంది, రేపటికి చూడాలి. రక్తం పలచబడే మాత్రలు వాడే పెదనాన్న కూడా వస్తానంటే, ముందు మీ డాక్టర్‌ని అడగండన్నాను.