వేట లేని రేవు ఎలా వినిపించాలి

గురువారం, చెన్నై

ఇవాళంతా ఇక్కడి చేపల రేవు కాశిమేడు మీద తీసిన డాక్యుమెంటరీ మిక్సింగే, అంటే మాట, చప్పుళ్లు, సంగీతం పాళ్లు కుదిర్చి కలపడం. అదీ మూడు నిమిషాల మీదే: చేపలమ్మే అక్క వేట నిషేధం గురించి చెప్పే చోటు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి వెళ్లవు. ఆ రోజుల్లో గొలుసు కుదువ పెట్టిన సంగతి ఆవిడ చాలా మామూలుగా చెబుతుంది. ఆ మామూలుతనం చెడకూడదు.

ముందు గొంతు. 80 హెర్ట్జ్ కింది బరువైన చప్పుళ్లన్నీ కోసేస్తే వీధిలో లారీ గురగుర తగ్గింది. గదిలో ఫ్యాను చప్పుడు పోదు. దాన్ని పూర్తిగా తుడిచేస్తే మాట చివర నీళ్లలోంచి వచ్చినట్టు గులగులమంటుంది. అందుకే ఉండనిచ్చి, అదే గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం పాటు రికార్డు చేసిన నిశ్శబ్దాన్ని కోతలన్నిటి కిందా పరిచాం. ఫ్యాను చప్పుడు అర క్షణం తెగినా కత్తెర పడ్డ చోటు చెవికి తెలిసిపోతుంది.

అసలు పేచీ రేవు దగ్గర. తెల్లవారుజామున తీసిన వేలంపాట ట్రాక్ బ్రహ్మాండం: పాటగాడి కేకలు, ఐసు తోడే పార, డీజిల్ ఇంజన్ల దడదడ. నిషేధం మాటల కింద అది వేస్తే మాత్రం అబద్ధం. ఆ రోజుల రేవులో వినిపించేది తాడు బిగిసిన కిర్రు, పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకోవడం, దూరంగా మరమ్మతు సుత్తి, కాకులు. అందుకని మాటకు ముందు 12 సెకన్లు వేలంపాటను నిండుగా వినిపించి, 4 సెకన్లలో దించేసి, తాళ్ల కిర్రులోకి వచ్చాం. మాట మొదలయ్యేసరికి రేవు చప్పుడు ఆవిడ గొంతుకన్నా 18 డెసిబెల్స్ కింద ఉంది. ఖాళీ అయిన సంగతి చెవికి తెలిసింది. అక్కడ సంగీతం అక్కర్లేదు.

మొదట వీణ పెట్టి చూశాం. మీటు తాలూకు పదును, మన హల్లుల స్పష్టత, రెండూ 2–4 కిలోహెర్ట్జ్ మధ్యే ఉంటాయి. మీటినప్పుడల్లా ఒక అక్షరం పోయింది. వీణకు అక్కడ 3 డెసిబెల్స్ తగ్గిస్తే మాట తేలింది, వీణ చచ్చుబడింది. పైగా ఆవిడ చెప్పకముందే అది ఏడవమంటోంది. తీసేశాం. తంబూరా ఒక్కటే మిగిలింది. అదీ గొలుసు మాట అయ్యాక, ఆవిడ ఊపిరి వినిపించాక, ఒకటిన్నర సెకను ఆగి మొదలవుతుంది.

ఫోన్ స్పీకర్లో వింటే తంబూరా అడుగు స్వరం, మంద్ర షడ్జం, మాయం. 130 హెర్ట్జ్ దరిదాపు స్వరం ఆ చిన్న స్పీకర్ పలకదు. జీవాళి, అంటే తీగ కింద పెట్టే దారం, దాని వల్ల వచ్చే జుమ్మనడం మాత్రమే మిగిలి దోమలా వినబడింది, దాన్ని 2 డెసిబెల్స్ దించాం. మొత్తం బిగ్గరతనం మైనస్ 16 లఫ్స్ (చెవికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత), అన్నిటికన్నా పెద్ద చప్పుడు మైనస్ 1 డెసిబెల్.

ఒక్క చిక్కు మిగిలింది. ఆవిడ 'గొలుసు' అంటుండగానే కిటికీ దగ్గర కాకి అరిచింది. కోస్తే అక్షరం పోతుంది. రేవు ట్రాక్ నుంచి ఇంకో కాకిని తెచ్చి, 5 సెకన్ల ముందు దూరంగా అరిపించాం. ఇప్పుడు 'గొలుసు' మీది అరుపు వినేవాళ్లను ఉలిక్కిపడేలా చేయడం లేదు.